మాట రాని బిడ్డకూ మాతృభాష ఉంది

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సభలో ఒక తల్లి చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో తెలుగు బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, ఉపాధ్యాయుల ఖాళీల గురించి ఎంతో చర్చించుకుంటాము. ఆ చర్చల్లో అరుదుగా చోటు దక్కే పిల్లలను గురించి నేడు మాట్లాడదలచాను. వారు ఆటిజం ఉన్న పిల్లలు. మాది హోసూరు ప్రాంతం. 12 ఏళ్ల నా కుమారుడు ఆ పిల్లల్లో ఒకడు.

ఆటిజం అంటువ్యాధి కాదు, గాలిసోకు కాదు, పూర్వజన్మ పాపం కాదు. పుట్టుక నాటినుంచే మెదడు ఎదుగుదలలో ఉండే భేదం. ఏడాది నిండినా పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి పలకకపోవడం, విన్న మాటనే పదే పదే అనడం, చిన్న మార్పుకే తల్లడిల్లడం దీని సూచనలు. ఇవి కనిపించినప్పుడు “మగపిల్లలకు మాట ఆలస్యమే” అనుకుంటూ కాలం గడపకుండా పిల్లల వైద్యునికి చూపించాలి.

1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను పరిశీలించి ఈ స్థితిని వివరించాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు తల్లి ప్రేమ కొరవడడమే దీనికి కారణమన్న వాదం నడిచింది. అది నిరాధారమని తేలిపోయింది. టీకాలవల్ల ఆటిజం వస్తుందన్న భయానికి మూలమైన 1998 నాటి వ్యాసాన్ని, దానిని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకున్నది.

సరిహద్దులోని తెలుగు తల్లికి మాత్రం మరొక నింద మిగిలే ఉన్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు; ఇన్ని భాషల మధ్య బిడ్డకు మాట ఎట్లా వస్తుందని అడుగుతారు. నా బిడ్డకు మూడేళ్లప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో, “ఇంట్లో తెలుగు మానివేయండి, బడి భాష ఒక్కటే మాట్లాడండి” అని చెప్పారు. మా అత్తగారికి తెలుగు తప్ప మరొక భాష రాదు. బిడ్డకు అన్నం కలిపి పెట్టేది, జోకొట్టి నిద్రపుచ్చేది ఆమెయే. ఆమె నోరు మూసుకుంటే నా బిడ్డకు మాట వస్తుందా? మేము తెలుగు మానలేదు.

శాస్త్రం కూడా ఆ సలహాను బలపరచలేదు. 2012లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఆటిజం ఉన్న 75 మంది పిల్లలను పరిశీలించారు. రెండు భాషల మధ్య పెరుగుతున్న పిల్లలు, ఒకే భాష వింటున్న పిల్లలకంటే మాటలో వెనుకబడి లేరు. తరువాతి అధ్యయనాలూ ఇదే దారిలో ఉన్నాయి. రాని భాషలో తడుముకుంటూ మాట్లాడే తల్లి బిడ్డతో తక్కువగా మాట్లాడుతుంది. ముద్దు, మందలింపు, పాట, సామెత అన్నీ తగ్గిపోతాయి. మాటకోసం పరితపించే బిడ్డకు అంతకు మించిన నష్టం ఏముంది?

మా ఇంటి పద్ధతి చెబుతాను. స్నానం, అన్నం, బడి, నిద్ర బొమ్మలను వరుసగా గోడకు అంటించాము. ఒక పని ముగియగానే వాడే ఆ బొమ్మ తీస్తాడు. తరువాత ఏమి జరుగుతుందో తెలిసిన రోజున వాని కలవరం తగ్గుతుంది. నీళ్ల గ్లాసు బొమ్మ కింద “నీళ్లు” అనీ, “తణ్ణీర్” అనీ రెండు మాటలు రాశాము. ఒకటి ఇంటికి, ఒకటి బడికి. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, చంద్రపూరులో మరాఠీ ఇట్లాగే పక్కన చేరవచ్చు. చిన్న వాక్యం చెప్పి, జవాబుకోసం ఓపికగా ఆగుతాము. బొమ్మ చూపి అడగడం అలవాటైతే మాట రాదన్నది అపోహ. నా బిడ్డ బొమ్మ చూపుతూనే “నీళ్లు” అన్నాడు. నేటికీ వాని మాటలు కొద్ది. ఆ కొద్దిలోనే వాని కోరికా, కోపమూ, నాయనమ్మా ఉన్నారు.

ఇక హక్కుల మాట. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజానికి చోటు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం గుర్తించింది. 2016 చట్టం పేర్కొన్న 21 వైకల్యాలలో ఆటిజం ఉన్నది. 40 శాతానికి తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రం పొందిన బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. 18 నిండిన పిమ్మట సంరక్షకుని నియామకానికి జిల్లాస్థాయి కమిటీకి దరఖాస్తు చేయవచ్చు. “మా తరువాత వీనికెవరు?” అని రాత్రులు నిద్రపోని తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి.

అదే 2016 చట్టం 17వ విభాగం ద్వితీయ, తృతీయ భాషల నుంచి మినహాయింపుకు వీలు కల్పించింది. ఇది పిల్లలకు మేలు చేసే నిబంధనే. కాని మన ప్రాంతాల్లో ఆ మినహాయింపు పేరిట ముందుగా జారిపోయేది తెలుగే. సంతకం చేసేముందు ఏ భాష తీసివేస్తున్నారో అడగండి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని చెప్పే రాజ్యాంగపు 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలలో మాట వచ్చినవారిని, రానివారిని వేరుచేయలేదు.

ఉద్యమ మిత్రులకు నా విన్నపాలు మూడు. మన వినతిపత్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయుల కోరిక కూడా చేర్చండి. బిడ్డను పరీక్షించేటప్పుడు ఇంటి భాషలోనే ప్రశ్నలు అడగాలని పట్టుబట్టండి. తెలుగు మాటలతో బొమ్మల అట్టలు తయారుచేసి ప్రతి శాఖకూ పంపండి. అందుకు పెద్ద ఖర్చు కాదు. ఆ అట్టలకు మాటలు ఎంపిక చేసే పనిలో నేనూ కూర్చుంటాను. ఇటువంటి బిడ్డలున్న తల్లులు ఈ సభలో ఉంటే, భోజన విరామంలో నన్ను కలవండి. పని అక్కడే మొదలుపెడదాము.