వాన నీరు, వాడిన నీరు
(దేవాలయ సంఘం వార్షికోత్సవ సభలో యువజనులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ఈ దేశంలోనే పుట్టి పెరిగి, శ్రద్ధతో తెలుగు నేర్చుకొని ఈ సభకు విచ్చేసిన యువతీయువకులారా, నేటి నా మాటలు ప్రధానంగా మిమ్మల్ని ఉద్దేశించినవే.

తెలుగువారు దేనినైనా తేలికగా చూసినప్పుడు "మంచినీళ్ళప్రాయం" అంటారు. ఆ మాట పుట్టిన నేలలో ఏటా ఎండకాలం వచ్చేసరికి మంచినీళ్ళే అన్నిటికన్నా అరుదైన వస్తువు. మీ తల్లిదండ్రులలో పలువురు రోజు విడిచి రోజు కుళాయి వచ్చే ఇళ్ళలో పెరిగారు. బియ్యం కడిగిన కడుగును పశువుల కుడితిలో పోయడం, స్నానం నీళ్ళు అరటిచెట్టు పాదుకు మళ్ళించడం, వాన పడితే చూరు కింద గంగాళం పెట్టడం వారికి ఎవరూ పాఠంగా చెప్పలేదు. అది ఇంటి నడవడి. కుళాయి తిప్పితే రేయింబవళ్ళు నీరు వచ్చే ఈ నేలపై ఆ నడవడి ఒక్క తరంలో మరుగునపడే స్థితి వచ్చింది. అయితే మనం నివసిస్తున్న ఈ లోయకు నీరు నిజంగా అంత సమృద్ధిగా ఉన్నదా?

మన శాంతాక్లారా లోయ చరిత్రను ఒకసారి చూడండి. కంప్యూటర్ల కన్నా ముందు ఇది పండ్లతోటల సీమ. బావి తవ్వితే నీరు తనంతట తానే పైకి ఉబికేది. తోటలకూ ఊళ్ళకూ లెక్కలేకుండా తోడడంతో భూగర్భజలం అడుగంటింది. నీరు ఇగిరిపోయిన బంకమట్టి పొరలు నొక్కుకొనిపోయాయి. ఫలితంగా శాన్ హోసే నగర మధ్యభాగం ఇరవయ్యో శతాబ్దంలో సుమారు 13 అడుగులు కుంగింది. 1930ల నుంచి ఆనకట్టలు కట్టి, వాన నీటిని ఇంకుడు చెరువులలోకి మళ్ళించి, తరువాత దూరప్రాంతాల నుంచి నీరు తెచ్చి నేలలోకి ఇంకించారు. 1969 నాటికి ఆ కుంగుబాటు దాదాపు ఆగింది. కాని కుంగిన నేల తిరిగి లేవలేదు. అనంతపురంలో బోరు మీద బోరు వేసి ఎండిపోయిన రైతు కథకూ ఈ సంపన్నమైన లోయ కథకూ మూలం ఒక్కటే.

నేడు మన జిల్లా వాడుకొనే నీటిలో దాదాపు సగం బయటి నుంచి వస్తున్నది. అందులో అధికభాగం సియెరా పర్వతాల మంచు కరిగి, డెల్టా మీదుగా కాలువలలో పయనించి వచ్చే నీరు. 2015 ఏప్రిల్ 1న ఆ పర్వతాల మీద మంచులోని నీటి నిల్వ సగటులో 5 శాతం మాత్రమే ఉన్నది. ఆ రోజే గవర్నరు రాష్ట్రంలోని పట్టణాల నీటి వాడకాన్ని 25 శాతం తగ్గించాలని ఆదేశించారు. అంతటి కరువు మళ్ళీ రాదని చెప్పగలవారు ఎవరూ లేరు.

ఈ స్థితిలో గృహస్థు చేయగలిగినది ఏమిటి? దీనికి మన పూర్వుల నుంచే ఆరంభిద్దాం. కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు పెద్ద చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజుకు వేయిమంది కూలీలు రెండేళ్ళు శ్రమించి కట్టిన చెరువు అది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, చెరువుకు తగిలే 6 దోషాలను ఆ శాసనం ఏకరువు పెట్టింది. కట్ట నుంచి నీరు కారిపోవడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. కొద్ది నీటికి విస్తారమైన భూమి ఉండడం, అధికమైన నీటికి చాలీచాలని చోటు ఉండడం మరి రెండు దోషాలు. ఆరువందల ఏళ్ళ నాటి ఈ మాటలు నేటి మన ఇంటికి అక్షరాలా వర్తిస్తాయి.

మొదటిది, కట్ట కారడం. ఏ కొత్త ఏర్పాటుకైనా ముందు ఉన్న నీరు పోకుండా చూడాలి. మరుగుదొడ్డి తొట్టిలో నాలుగు చుక్కల వంటరంగు వేసి పదిహేను నిమిషాలు ఆగండి. ఈలోగా ఎవరూ నీరు వదలకూడదు. కింది పళ్ళెంలో రంగు కనిపిస్తే అక్కడ రాత్రింబవళ్ళు నీరు కారుతున్నట్లే. అడుగున ఉండే రబ్బరు మూతను మార్చడం స్వల్ప వ్యయంతో తీరే పని.

రెండవది, వాన నీరు. వేయి చదరపు అడుగుల కప్పు మీద ఒక అంగుళం వాన కురిస్తే సుమారు 620 గ్యాలన్ల నీరు పడుతుంది. తడికీ ఆవిరికీ పోయినది పోగా 500 గ్యాలన్లు దక్కుతాయి. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 15 అంగుళాల వాన అనుకొంటే, అటువంటి కప్పు ఏటా ఏడువేల గ్యాలన్లకు పైగా ఇవ్వగలదు. 2012లో చేసిన వాననీటి చట్టం ప్రకారం ఈ రాష్ట్రంలో తన కప్పు మీది వాన నీటిని గృహస్థు నిరభ్యంతరంగా పట్టుకోవచ్చు.

ఇక్కడే శాసనం చెప్పిన దోషం ఎదురవుతుంది. సాధారణంగా అమ్మే పీపాలో 55 గ్యాలన్లు పడతాయి. అంగుళంలో పదోవంతు వానకే అది నిండిపోతుంది. అధిక నీటికి చాలీచాలని చోటు! పైగా మన వాన నవంబరు నుంచి మార్చి వరకు కురుస్తుంది. తోటకు దాహమయ్యేది మే నుంచి అక్టోబరు వరకు. ఆంధ్రదేశంలో చెరువు నింపే వాన, పైరుకు కావలసిన వాన చాలావరకు ఒకే కాలంలో వస్తాయి. ఇక్కడ వాటి మధ్య నెలల ఎడబాటు ఉన్నది. కనుక నాలుగు పీపాలు పెట్టి వేసవి గడిచిపోతుందని ఆశించరాదు. పీపా తులసికోటకూ పూలకుండీలకూ చాలు. మిగిలిన నీటికి సరైన గిడ్డంగి నేలే.

తెలుగునాట ఇంకుడు గుంత అనే మాట ఇప్పుడు పల్లె పల్లెకూ తెలుసు. 2002 నాటి వాల్టా చట్టం వాన నీటిని ఇంకించే ఏర్పాట్లను కోరింది. మన పెరటిలో కూడా చూరు గొట్టం నుంచి వచ్చే నీటిని లోతు తక్కువైన గుంటలోకి మళ్ళించవచ్చు. అయితే కొన్ని నియమాలు తప్పనిసరి. గుంట ఇంటి పునాదికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. ఈ లోయలో చాలాచోట్ల మన నల్లరేగడి వలె ఎండకు నెర్రెలిచ్చే బంకమట్టి ఉన్నది. కనుక ముందుగా అడుగు లోతు గుంట తీసి, నీరు నింపి పరీక్షించండి. ఒక రోజులో ఇంకకపోతే ఆ చోటు పనికిరాదు. ఎక్కడా మూడు రోజులకు మించి నీరు నిలవరాదు, దోమలు పుడతాయి. పీపా మూతికి సన్నని జల్లెడ ఉండాలి. తొలకరి వాన కప్పు మీది ధూళినీ పక్షిరెట్టలనూ కడుగుతుంది, దానిని వదిలివేయాలి. ఈ నీరు మొక్కలకే, తాగడానికి కాదు.

మూడవది, వాడిన నీరు. ఎండకాలపు కొరతకు మన దగ్గర ఉన్న చక్కని జవాబు ఇదే. నలుగురున్న ఇంట్లో వారానికి అయిదుసార్లు బట్టలు ఉతికితే, కొత్తరకం యంత్రం నుంచి కూడా సుమారు 75 గ్యాలన్లు వస్తాయి. మే నుంచి అక్టోబరు వరకు లెక్కిస్తే దాదాపు రెండువేల గ్యాలన్లు. పీపాల వలె ఒకసారి నిండి ఖాళీ అయ్యే నీరు కాదిది, వారం వారం వచ్చే నీరు. వాషింగ్ మెషీన్ నుంచి నీటిని నేరుగా చెట్లకు పంపే ఏర్పాటుకు, నియమాలను పాటిస్తే, కాలిఫోర్నియాలో నిర్మాణ అనుమతి అక్కరలేదు. అయినా మీ నగరం నియమాలను ఒకసారి చూసుకోండి.

ఆ నియమాల సారం ఇది. యంత్రం దగ్గర మూడు దారుల వాల్వు ఉండాలి, కావలసినప్పుడు నీటిని తిరిగి మురుగు గొట్టంలోకి మళ్ళించడానికి. చెట్టు పాదులో కనీసం రెండు అంగుళాల చెక్కముక్కల పొర కింద నీరు విడవాలి. నీరు పైకి తేలరాదు, పొరుగువారి స్థలంలోకి పారరాదు. నిల్వ చేయరాదు, ఒక రోజు దాటితే దుర్గంధం వస్తుంది. పసిపిల్లల మలిన వస్త్రాలు ఉతికిన నీటిని, వానకాలపు నీటిని మురుగుకే పంపాలి. నిమ్మ, దానిమ్మ, అంజూర వంటి చెట్లకు ఈ నీరు శ్రేష్ఠం. ముల్లంగి, క్యారెట్, కొత్తిమీర, పాలకూర వంటి వాటికి వాడరాదు. వంటగది తొట్టి నీటిలో నూనె, ఎంగిలి ఉంటాయి కనుక ఈ రాష్ట్రంలో దానిని మురుగునీటి కిందనే లెక్కిస్తారు.

ఇక చౌడు దోషం. సబ్బుపొడులలోని సోడియం, బోరాక్స్, బ్లీచి నేలను పాడుచేస్తాయి. ఉప్పు తక్కువగా ఉన్న ద్రవపు సబ్బును ఎంచుకోండి. ఉప్పుతో నీటిని మెత్తబరచే యంత్రం ఇంట్లో ఉంటే ఆ నీటిని మొక్కలకు పంపవద్దు. నేలను చౌడు చేసి నీరు ఆదా చేశామనుకోవడం ఆదా అనిపించుకోదు.

పెద్దలలో కొందరికి ఒక సందేహం ఉన్నది, దానిని గౌరవంతో స్వీకరిస్తున్నాను. మైలబట్టలు ఉతికిన నీటితో పెరిగిన పూలను స్వామికి ఎలా సమర్పించడం? ఇందుకు వాదన అవసరం లేదు. తులసికీ, మందారానికీ, మల్లెకూ వాన నీరు. నీడనిచ్చే చెట్లకూ పండ్లచెట్లకూ వాడిన నీరు. గొట్టాలు వేసే ముందే ఈ విభజన చేసుకొంటే శాస్త్రమూ ఆచారమూ రెండూ నిలుస్తాయి. మన ఇళ్ళలో మడినీళ్ళ బిందె వేరు, వాడుకనీళ్ళ గంగాళం వేరు కదా! ఏ నీరు దేనికో తెలిసి వాడడం మనకు కొత్త విద్య కాదు.

చివరగా ఈ సభ ముందు ఒక విన్నపం. మన ఆలయానికి విశాలమైన కప్పు ఉన్నది. పదివేల చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన కురిస్తే ఆరువేల గ్యాలన్లు. నేడు అది వాహనాలు నిలిపే స్థలం మీదుగా, చమురు మరకలను కడుగుతూ వాగులో కలుస్తున్నది. పాలు, తేనె, నెయ్యి కలిసిన అభిషేకజలం గొట్టాలకు సరిపడదు. కాని వాన నీటికి ఆ చిక్కు లేదు. పూలతోట వైపు చూరు గొట్టాలకు ఒక పెద్ద తొట్టి, మిగిలిన గొట్టాలకు ఇంకుడు గుంతలు ఏర్పరచాలని, ఆ పనిని యువజన విభాగానికి అప్పగించాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. నేల పరీక్ష, కొలతలు, నగర అనుమతులు, నెలనెలా లెక్క అన్నీ వారే చూడగలరు. మనలో ఇంజనీర్లకు కొదవ లేదు, సలహాకు మేమున్నాము.

మన సంప్రదాయం సప్తసంతానాలలో దేవాలయాన్నీ తటాకాన్నీ కన్నబిడ్డతో సమానంగా చేర్చింది. ఆలయాన్ని మీ పెద్దలు కట్టారు. తటాకం మీ వంతుగా మిగిలి ఉన్నది. అది పోరుమామిళ్ళ చెరువంత కానక్కరలేదు, ఈ శీతాకాలపు మొదటి వానకు సిద్ధంగా ఉంటే చాలు.