పంచాయతీ భవనము: ఆర్కిటెక్టుకు మనము చెప్పవలసినది
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సొంత ఇల్లు కట్టుకొనునపుడు ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచింతురు. వంట ఎక్కడ, ధాన్యము ఎక్కడ, పశువులు ఎక్కడ అని తర్కింతురు. పంచాయతీ భవనము కట్టునపుడు మాత్రము ప్లాను వచ్చినదే తడవుగా తీర్మానము చేసి ఊరకుందుము. ఆ పిదప పింఛనుకై వచ్చిన వృద్ధులు ఎండలో నిలువవలసి వచ్చినచో, ఆ దోషము ప్లాను గీసినవారిదా? అడుగకుండిన మనదా?

ఈజిప్టు దేశములో లక్సర్ పట్టణ సమీపమున, పురాతన సమాధులపై కాపురమున్న గుర్నా గ్రామస్థులను తరలించుటకై 1940వ దశకములో ప్రభుత్వము ఒక క్రొత్త గ్రామమును తలపెట్టినది. హసన్ ఫతీ అను ప్రసిద్ధ ఆర్కిటెక్టు పచ్చి యిటుకలతో, గుమ్మటములతో చల్లని గృహములను కట్టించెను. నేటికిని ఆ పనిని ప్రపంచము మెచ్చుకొనుచున్నది. అయినను గ్రామస్థులలో అనేకులు అచటికి పోలేదు. వారి జీవనోపాధి పాత ఊరితో ముడివడియుండెను. తరలవలెనను నిర్ణయము వారిది కాదు. ఆర్కిటెక్టు ఎంత సమర్థుడైనను, అందులో మెలగువారి సమ్మతి లేనిదే ఆ భవనము వారిది కానేరదు.

కావున ప్లానుకు ముందే గ్రామసభలో చర్చించి, మన అవసరములను వ్రాసి యీయవలెను. ఏ స్థలములో పూర్వము గుంట యుండెనో, వానకాలమున నీరు ఎంతవరకు నిలుచునో ఊరి పెద్దలకు తెలియును, ఆర్కిటెక్టుకు తెలియదు. నల్లరేగడి నేల తడిసినపుడు ఉబ్బును, ఎండినపుడు బీటలు వారును. పునాది దానికి తగినట్లుండవలెను. మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడియున్నవి. వారికి ప్రత్యేకముగా మరుగుదొడ్డి, నడువలేనివారికి వాలుబాట, వేచియుండువారికి వసారా, రికార్డులకు చెమ్మ తగులని గది, ఇవన్నియు అడిగి వ్రాయించుకొనవలసినవి. వాస్తు పట్టింపు ఉన్నచో అదియు అప్పుడే చెప్పుడు. పునాది లేచిన పిదప సిద్ధాంతిగారిని పిలిచి ద్వారము మార్పించుట ప్రజాధనమును వృథా చేయుటయే.

ఖర్చు సంగతియు సంకోచింపక అడుగవలెను. కేరళలో పనిచేసిన లారీ బేకర్ ఇటుకలను అంచున నిలబెట్టి, గోడ నడుమ బోలు విడుచు పద్ధతిని విరివిగా వాడెను. అందువలన ఇటుకలలో సుమారు నాల్గవ వంతు ఆదా అగును. నడుమనున్న బోలు వేడిని కొంత ఆపును. అయితే అందులో నేర్పుగల మేస్త్రి కావలెను. ఇట్టి పద్ధతి మన ఊరికి తగునా అని ఆర్కిటెక్టును, అంచనా వేయు ఇంజనీరును కూర్చుండబెట్టి అడుగుడు.

పని మొదలైన పిదప ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క మాట మేస్త్రికి చెప్పరాదు. పంచాయతీ తరపున మాటాడువారు ఒక్కరే యుండవలెను. మార్పు అవసరమైనచో దాని ఖర్చు తెలిసికొని, తీర్మానించి, వ్రాతమూలముగా తెలుపవలెను.

ప్లాను కాగితము అర్థము కానిచో, అర్థము కాలేదని చెప్పుటలో చిన్నతనము లేదు. స్థలములో ముగ్గు పోయించుడు. ఆ గీతల నడుమ సభ్యులందరును నడచి చూడుడు. బల్ల ఎక్కడ, కుర్చీలు ఎక్కడ, తలుపు ఎటు తెరచుకొనును అని అడుగుడు. ముగ్గు చెరిపి మరల పోయుటకు ఖర్చు లేదు. గోడ కూల్చి మరల కట్టుటకు కలదు.