ఒకే పేరు, పలువురు పాద్రిగ్‌లు
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మా పాఠశాల ప్రవేశపత్రమున బిడ్డ పేరును తెలుగులో వ్రాయుటకు ఒక గడి కలదు. ఈ సంవత్సరము చాలమంది దానిని ఖాళీగా విడిచిరి. ఒక తండ్రిగారిని అడుగగా, "ఇంగ్లీషులో వ్రాసితిని గదా మాస్టారూ! పేరు ఏ లిపిలో నున్న నేమి?" అనిరి. ప్రవేశముల తొందరలో ఆనాడు బదులు చెప్పలేకపోతిమి. నేడు చెప్పుదుము. అయితే ఐర్లండు మీదుగా చుట్టి రావలసి యున్నది. కొంచెము ఓపిక పట్టవలెను.

ఐర్లండున క్రైస్తవమతమును వ్యాపింపజేసినవారిలో అగ్రగణ్యుడు క్రీ. శ. 5వ శతాబ్దమునకు చెందిన సెయింట్ పాట్రిక్. ఆయన ఆ దేశస్థుడు కాడు. బ్రిటనులో పుట్టి, పదునారవ యేట ఐరిషు దోపిడిగాండ్రకు చిక్కి, ఆరేండ్లు మందలు కాచి తప్పించుకొనిపోయెను. పిమ్మట తనంత తానే తిరిగి వచ్చెను. పేరు లాటినుది, కులీనుడని అర్థము. ఐరిషువారి నోట అది పాద్రిగ్ అయినది. కొందరు పాద్రిక్ అని వ్రాయుదురు.

చిత్రమేమనగా, ఆ పేరును నేరుగా బిడ్డలకు పెట్టుటకు వారు అనేక శతాబ్దములు జంకిరి. 'గిల్ల ఫాద్రిగ్', అనగా పాట్రిక్ దాసుడు, అని పెట్టుకొనిరి. మనలో రామదాసు లేడా? అట్లే. ఆ దాసనామమునుండియే ఫిట్జ్‌పాట్రిక్ అను ఇంటిపేరు పుట్టినది. తరువాతి కాలమున పాట్రిక్ పేరు ఇంటింట వెలసెను. ఎంతగా ననగా, ఆంగ్లేయులు ఐరిషువారినందరిని 'పాడీ' యని ఎగతాళి చేయసాగిరి.

ఈ పేరుగలవారిలో మాకు మిక్కిలి ఆప్తుడు 1879లో డబ్లినున పుట్టిన పాట్రిక్ హెన్రీ పియర్స్. ఆప్తుడనుటకు కారణము ఆయన బడిపంతులగుటయే. తండ్రి రాతిచెక్కడపు పనివాడు, ఆంగ్లేయుడు. అయినను కుమారుడు ఐరిషును పట్టుదలతో నేర్చి, తన పేరును పాద్రిగ్ మాక్ పీరిష్ అని వ్రాసికొనెను. 1905లో బెల్జియమునకు పోయి, అచ్చటి బడులలో రెండు భాషలు ఎట్లు బోధించుచున్నారో చూచి వచ్చెను. 1908లో సెయింట్ ఎండా అను ద్విభాషా పాఠశాలను స్థాపించెను. ఆ బడికి నిధులు కూర్చుటకై 1913 మే నెలలో డబ్లినులోని ఆబీ నాటకశాలయందు మన రవీంద్రుని 'పోస్టాఫీసు' నాటకమును ప్రదర్శించిరి. పియర్స్ 1916 తిరుగుబాటున పాల్గొని, మే 3వ తేదీన మరణశిక్షకు గురియయ్యెను. ఆ మార్గమును గూర్చి తీర్పు చెప్పుటకు మేము చాలము. కాని నాటి ప్రకటనపత్రము క్రింద ఆయన పేరు ఇంగ్లీషులో పి. హెచ్. పియర్స్ అనియే అచ్చుపడినది! రెండు పేర్లు గలవాని ఇరకాటము మనకు తెలియనిది కాదు.

పియర్స్ న్యాయవాది కూడ. ఆయన చేపట్టిన ఒక వ్యాజ్యము 1905 నాటిది. బండి యజమాని తన పేరును బండిపై స్పష్టముగా వ్రాయవలెనని చట్టము. డోనెగాల్ సీమ రైతుకవి నీయల్ మాక్ గిల్ల వ్రీజె తన పేరును ఐరిషులో వ్రాయించెను. ఆ పేరులోను 'గిల్ల' యున్నది, గమనింపుడు. బ్రిజిడ్ అను సాధ్వి దాసుని కుమారుడని అర్థము. అది స్పష్టమైన వ్రాత కాదని జరిమానా విధించిరి. డబ్లిను న్యాయస్థానమున పియర్స్ వాదించి ఓడిపోయెను. సొంత సీమలో, సొంత బండిపై, సొంత పేరు వ్రాసికొనుట నేరమైనది.

ఇక 1881లో పుట్టిన పాద్రిక్ కోలమ్. ఈయన కూడ పాట్రిక్‌గా పుట్టి పాద్రిక్ అయినవాడే. కాని కవితలు, కథలు ఇంగ్లీషులోనే వ్రాసి, 1914లో అమెరికా చేరి, 1972లో అచ్చటనే మరణించెను. పేరు మాత్రము తుదివరకు ఐరిషుదే. 1882లో పుట్టిన పాద్రిక్ ఓ కొనిరె త్రోవ వేరు. బాల్యముననే తల్లిదండ్రులను కోల్పోయి, ఐరిషు మాటలాడు కొనెమారా సీమలో బంధువుల యింట పెరిగెను. లండనులో ప్రభుత్వోద్యోగము చేయుచు, సాయంకాలములందు ఐరిషు బోధించుచు, వలసవాని కష్టములపై 1910లో ఆ భాషలోనే నవల ప్రకటించెను. పరాయి నగరమున జీతము తెచ్చుకొనుచు ఇంటిభాషలో నవల వ్రాయుట మాకు వీరందరి పనులలో కష్టతరమైనదిగా తోచును. నేటివారిలో గోల్ఫు ఆటగాడు పాద్రిగ్ హారింగ్టన్ 2007, 2008 సంవత్సరములలో బ్రిటిషు ఓపెన్ గెలిచి ఆ పేరును లోకమంతట వినిపించెను.

ఆ తండ్రిగారు నేడు సభలో మూడవ వరుసలో కూర్చుండి నవ్వుచున్నారు. ఆ బండివాడు చెల్లించిన జరిమానా మనకు లేదు. గడి ఊరకనే యున్నది. అది ఇరుకుగా నున్నదని కొందరు తల్లులు చెప్పినమాట నిజమే. వచ్చు సంవత్సరపు పత్రమున ఇంటిపేరు కూడ పట్టునట్లు దానిని పెంచుచున్నాము. ఇంటిపేరు పొడి అక్షరముగా మాత్రమే తెలిసినవారు తాతలను, నాయనమ్మలను అడిగి పూర్తిగా వ్రాసి తేవలెను.