డాక్టరమ్మ ఆ మాట ఎందుకు అడుగుతుంది?

(శుక్రవారం సమావేశంలో ఒక తెలుగు నర్సు మాట్లాడినది)

నేను కువైట్‌లో ఆడవాళ్ళ వార్డులో నర్సుని. ఈరోజు చెప్పేది కొంచెం సిగ్గుపడే సంగతే, అయినా మనలో మనమే కదా.

పొత్తికడుపు నొప్పి అనో, తెల్లబట్ట అనో ఆసుపత్రికి వెళ్తారు. డాక్టరమ్మ అవీ ఇవీ అడుగుతూ, "ఎవరైనా కొడుతున్నారా? ఇష్టం లేకుండా ఎవరైనా చెయ్యి వేశారా?" అంటుంది. అంతే, మనవాళ్ళు బిగుసుకుపోతారు. నన్ను తప్పుడు మనిషి అనుకుందా అని. కాదమ్మా. స్కానింగులో ఏమీ కనబడని నొప్పి, లోపలి పరీక్ష అనగానే వణుకు, వీటి వెనక ఒక్కోసారి పాత దెబ్బ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ముగ్గురు ఆడవాళ్ళలో దాదాపు ఒకరికి కొట్టడమో బలవంతమో ఎదురైంది. అందుకే అడుగుతారు.

అయితే ఆ మాట మీరు ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. అది తెలిసీ నేను ఒకసారి తప్పు చేశాను. గోదావరి వైపు అమ్మాయి, ఇంటిపని. వెంట మేడమ్ వచ్చింది. బయట పెద్ద వరుస. మేడమ్‌కి తెలుగు రాదు కదా అని ఆమె ఎదురుగానే అడిగేశాను. ఆ పిల్ల మేడమ్ ముఖం చూసి "ఏం లేదక్కా" అంది. భాష రాకపోయినా ముఖం అర్థమవుతుంది కదా, అది నాకు తట్టలేదు. మళ్ళీ రాలేదు. ఏమైందో తెలియదు.

అందుకని, వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోబెట్టమని నర్సుకు మెల్లగా చెప్పండి. ఆ మాట మేమే అంటాం, మీ మీదికి రాదు. అన్నలారా, మీ ఆవిడకు అరబీ చెప్పడానికి వెళ్ళినా ఆ కాసేపు బయటికి రండి. నా దగ్గర దాచేదేముంది అనుకోవద్దు. పరీక్ష మధ్యలో నొప్పైనా, భయమేసినా "బస్" అనండి, ఆపాలి.

అడిగారని చెప్పి తీరాలనేం లేదు. "ఇప్పుడు చెప్పలేను" అన్నా జవాబే. చెప్పేముందు, "ఇది ఎవరెవరికి తెలుస్తుంది? పోలీసుకు వెళ్తుందా?" అని మీరే ముందు అడగండి. పెళ్ళి కాకుండా గర్భం వస్తే ఇక్కడ కేసు మన మీదికే తిరగొచ్చు, అది మీకూ తెలుసు. అలాంటప్పుడు మన ఎంబసీ వాళ్ళతో ముందు మాట్లాడితే మంచిది. అక్కడ ఇంటిపని ఆడవాళ్ళకు ఆశ్రయం కూడా ఉంది.

కానీ బలవంతం జరిగి ఉంటే రోజులు గడపకండి. హెచ్‌ఐవి రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. స్నానం చేసేశాను, ఇంకేం లాభం అనుకోవద్దు.

సభ అయ్యాక టీల దగ్గర ఉంటాను. ఎవరైనా చూస్తారనుకుంటే, బీపీ మాత్ర గురించి అడిగినట్టు వచ్చి అడగండి. నాకు అర్థమవుతుంది.