ఒంటి గదికి పునాది
(అల్లూరు ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ కట్టించు కట్టడములలో మిక్కిలి చిన్నది ఒంటి గది. అది మంచినీటి ట్యాంకు వద్ద పంపు గది కావచ్చును, పత్రికలు చదువుకొను గది కావచ్చును, చెరువు వద్ద కాపలాదారు గది కావచ్చును. "ఇంత చిన్న గదికి పునాది ఏపాటి?" అను మాట మేము పలు గ్రామములలో వినుచుందుము. ఆ మాటను గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

రేగడి నేలలో బరువైన మేడకంటె తేలికైన గదికే చిక్కు హెచ్చు. రేగడి వానకు నాని ఉబ్బును. ఎండకు ఎండి నెఱ్ఱెలు విచ్చును. మేడ తన బరువుచేత ఆ ఉబ్బును కొంతవఱకు అణచిపట్టగలదు. ఒంటి గదికి ఆ బరువు లేదు. నేల లేచినప్పుడు లేచును, క్రుంగినప్పుడు క్రుంగును. అదియు నాలుగు మూలల ఒక్క తీరున కాదు. కిటికీ మూల నుండి ఐమూలగా సాగు బీటలకు కారణ మిదియే. వాటిపై ఎన్ని మారులు సున్నము పూసినను మరుసటి వేసవికి మరల కనబడును.

అల్లూరు చుట్టుప్రక్కల నేల అంతయు ఒక్క రకము కాదు. పెన్న నీటితో వరి పండు మాగాణులలో బంకమన్ను. ఇసకపల్లి దిక్కుగా సముద్రము వైపు పోయినచో ఇసుక. కావున ప్రక్క గ్రామపు అంచనా కాగితమును తెచ్చి పేరు మార్చి తీర్మానము చేయుట తగదు. ముందుగా స్థలమున ఎదురెదురు మూలల రెండు గోతులు, ఒక్కొక్కటి 5 అడుగుల లోతున త్రవ్వించుడు. ఏ పొర ఎంత మందమున్నదో, నీరు ఎచట ఊరుచున్నదో వ్రాసికొనుడు. ఇద్దరు కూలీల పని ఇది. ఆ వ్రాతను చూపి ఇంజనీరుగారిని అంచనా వేయుమని కోరుడు.

ఇసుక నేల బరువును బాగుగనే మోయును గాని, ప్రవహించు నీటికి కోసుకొనిపోవును. 1989 నవంబరులో కావలి సమీపమున తీరము దాటిన తుపాను ఈ ప్రాంతపు పెద్దలకు జ్ఞాపకముండును. నేలకు అరమీటరు లోతు తక్కువ కాకుండ పునాది ఉండవలెనన్నది సామాన్య నియమము; వరద పారు చోట అంతటితో తృప్తిపడరాదు. పైగా గాలి రేకుల కప్పును పైకి లాగును. కప్పును గోడకు, గోడను పునాదికి ఇనుముతో బంధింపకున్నచో పునాది గట్టిగా నిలిచినను కప్పు దక్కదు.

రేగడి పొర పలుచనైనచో దానిని తీసివేసి, గట్టినేల అందిన చోట పునాది వేయవచ్చును. లోతుగా ఉన్నచో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు రూపొందించిన పద్ధతి కలదు: అడుగున కుండవలె వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభములను, ఎండవానలకు నేల మారని లోతునకు, సాధారణముగా 3.5 మీటర్లకు, దింపుదురు. వాటిపై దూలము పోసి, దూలము క్రింద సుమారు 3 అంగుళముల ఖాళీ విడుతురు. మన్ను ఉబ్బినను దూలమును తాకదు. దీనికి తెలిసిన పనివారు కావలెను; మేస్త్రీ ఊహపై విడువరాదు.

ఇక వ్యయము. లోకొలత 12 అడుగులు, 10 అడుగులు గల గదికి 9 అంగుళముల గోడ అనుకొందము. గోడల నడిమి కొలత చుట్టును 47 అడుగులు. రెండున్నర అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతు గోతికి సుమారు 350 ఘనపుటడుగుల త్రవ్వకము. బేస్‌మెంటు అడుగున్నర వెడల్పైనచో, దాని నొక అడుగు ఎత్తు పెంచుటకు సుమారు 70 ఘనపుటడుగుల రాతికట్టు, లోపల నింపుటకు 104 ఘనపుటడుగుల గ్రావెలు అదనము. దిమ్మిసకు అణగును గనుక గ్రావెలు పావు వంతు హెచ్చుగా తోలించవలెను. ఈ కొలతలను మీ ఊరి ధరలతో హెచ్చించి చూచుకొనుడు. వరద నీరు నిలిచిన గుర్తు ఊరిలో ఏదో ఒక గోడపై ఉండును. బేస్‌మెంటు దానికి పైన ఉండవలెను.

నిధులు చాలనిచో పలకల నేల, రంగులు మరు సంవత్సరమునకు వాయిదా వేయుడు. ప్రారంభోత్సవ శిలాఫలకము సంగతి మేము చెప్పనక్కరలేదు. సముద్రపు ఇసుక చౌకగా దొరకునని వాడరాదు, ఉప్పునీటితో కాంక్రీటు కలుపరాదు. లోని ఇనుము త్రుప్పుపట్టి కాంక్రీటును పగులగొట్టును.

పునాది పని ఈశాన్య ఋతుపవనమునకు పూర్వమే, వేసవిలో ముగించుట మేలు. గోతులు పూడ్చిన పిమ్మట లోపల ఏమున్నదో ఎవరును చూడజాలరు. కనుక పూడ్చుటకు ముందురోజున సభ్యులు ఇద్దరు ముగ్గురు టేపు తీసికొని వెళ్లి, వెడల్పు, లోతు, కాంక్రీటు మందము కొలచి, అవి కొలతల పుస్తకమున ఎక్కిన పిదపనే మట్టి వేయనిండు.