ఇంగ్లీషున అసమ్మతి తెలుపు విధము



బలిఘట్టము వంటి గ్రామములలో ఇంగ్లీషు నేర్చు విద్యార్థికి ఔననుట సులభము, కాదనుట కష్టము. తెలుగున "పేదవాడైనను నిజాయితీపరుడు" అన్నప్పుడు 'అయినను' అనునది ఒక్కటియే వైరుధ్యమును తెలుపుచున్నది. ఇంగ్లీషునను 'ఆల్దో' గాని 'బట్' గాని ఒక్కటి చాలును. రెంటిని జతపరచుట దోషము. 'ఇన్ స్పైట్' తరువాత 'ఆఫ్' రావలెను. 'డెస్పైట్' తరువాత రాకూడదు. 'ఆన్ ది అదర్ హ్యాండ్' అనునది రెండవ పక్షమును చూపును. 'యూ ఆర్ రాంగ్' అన్నచో ఎదుటి మనిషికి తగులును. 'ఐ సీ యువర్ పాయింట్, బట్' అన్నచో వాదమునకు మాత్రమే తగులును.

ఈ జిల్లాలోని ఎస్. రాయవరమున జన్మించిన గురజాడ అప్పారావుగారు ఇందుకు నిదర్శనము. మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచన ఉపసంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికమును సమర్థింపగా, ఆయన 1914లో తమ అసమ్మతిని ఇంగ్లీషుననే సోదాహరణముగా వ్రాసి యిచ్చిరి. అదియే 'మినిట్ ఆఫ్ డిసెంట్', అనగా అసమ్మతి పత్రము. నాడు గ్రాంథికవాదులదే పైచేయి యైనది. 1915లో ఆయన కన్నుమూసిరి. అయినను కారణములతో కాగితముపై నిలిచిన ఆ అసమ్మతి చెరగలేదు. కాలక్రమమున పత్రికలును, పాఠ్యపుస్తకములును వాడుకభాషనే చేపట్టినవి.

కావున ఈ గ్రంథాలయమున చదువుకొను యువతీయువకులు దరఖాస్తునందైనను, ఇంటర్వ్యూయందైనను, ముందు ఎదుటివారి మాటను ఉన్నదున్నట్లు చెప్పి, పిమ్మట 'బట్' అని, వెంటనే తమ కారణమును చూపవలెను. కారణము చూపలేని 'బట్' వట్టి మొండితనమే యగును.