ముప్పై దాటాక ఒక పరీక్ష

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. చాలామందిలో అది ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తేనే ప్రమాదం. నొప్పి ఉండదు, ఏ బాధా తెలియదు. అందుకే పరీక్ష కావాలి.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో 1999లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. 30 నుంచి 59 ఏళ్ల మహిళలు 1,30,000 మందికి పైగా అందులో ఉన్నారు. వారిలో హెచ్‌పీవీ పరీక్షకు కేటాయించిన ఊళ్లవారికి చిన్న బ్రష్‌తో ముఖద్వారం దగ్గరి కణాలు తీసి, ద్రవంలో వేసి ల్యాబ్‌కు పంపారు. అక్కడ క్షారంతో డీఎన్ఏ జంట పోగులను విడదీస్తారు. వైరస్ డీఎన్ఏకే అతుక్కునే ఆర్ఎన్ఏ ముక్కలు కలుపుతారు. ఆ ఆర్ఎన్ఏ, వైరస్ డీఎన్ఏ జంట కుదిరితే యాంటీబాడీలు దాన్ని పట్టి ఉంచుతాయి. చివరి రసాయనం పడగానే పుట్టే సన్నని వెలుగును యంత్రం కొలుస్తుంది.

2009లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక్కసారి ఈ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స అందించిన ఊళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ఎంత గొప్ప సంగతి!

పాజిటివ్ వస్తే క్యాన్సర్ వచ్చినట్టు కాదు, భయపడకండి. తర్వాతి పరీక్షకు మాత్రం తప్పక వెళ్లండి. అమ్మలారా, అక్కచెల్లెళ్లారా, ముప్పై దాటితే సిగ్గుపడకుండా డాక్టరును ఈ పరీక్ష గురించి అడగండి.